ఎక్కడికని అడగని దారిపెట్టె

రుక్మిణమ్మ ఇంట్లో గడప దాటే మనిషిని ఎక్కడికని ఎవరూ అడగరు. "దూరమా?" అని చుట్టు తిప్పి అడగడం కూడా ఆమెకు గిట్టదు. వాకిట్లో పడుకున్న కుక్క లేచి వీధిలోకి పోతున్నా అటు చూస్తుందే తప్ప నోరు మెదపదు. పూతలపట్టు దగ్గరి ఆ పల్లెలో అందరికీ ఈ సంగతి తెలుసు. ఎందుకో కూడా తెలుసు.

చాదస్తం అనుకోకండి. బయలుదేరే మనిషిని ఎక్కడికని అడగకూడదని అందరిళ్లలోనూ అంటారు. పొరపాటున ఎవరైనా అడిగితే ఆ మనిషి వెనక్కి వచ్చి, కాసేపు కూర్చుని, గుక్కెడు నీళ్లు తాగి మళ్లీ బయలుదేరాలి. అంతటితో సరిపోయినట్టే. రుక్మిణమ్మ పెనిమిటి గురప్ప మాత్రం ఆ రోజు కూర్చోలేదు. మామిడికాయల కాలం, చిత్తూరు మండీలో తన లోడు దిగుతుందని తొందర. లూనా స్టార్టు చేసి వీధిలోకి తిప్పుతుంటే, కళ్లాపి చల్లుతున్న పక్కింటి సిద్ధమ్మ తలెత్తి, "యాడికి బావా, ఇంత పొద్దున్నే?" అంది. ఆ అడగడంలో పాపమేమీ లేదు. ఎదురుపడిన వాళ్లను పలకరించకుండా ఉండలేని నోరు ఆమెది. గురప్ప నవ్వి, "నీకు సెప్పకుండా యాడికి పోతా మరదలా" అని సాగిపోయాడు. మధ్యాహ్నానికి కబురొచ్చింది. మలుపులో లారీ.

అప్పటి నుంచి రుక్మిణమ్మ సిద్ధమ్మ ముఖం చూడలేదు. రెండిళ్లకూ మధ్య మొలెత్తు గోడ. ఒకరు ఇటు వడియాలు పెడుతుంటే ఇంకొకరు అటు బట్టలు ఆరేస్తుంటారు. మాట లేదు. సిద్ధమ్మ మొదట్లో ఏడ్చింది, తర్వాత అలిగింది, ఆ తర్వాత అలవాటు పడింది.

గురప్ప పోయేనాటికి బడికి పోతున్న చక్రధర్ ఇప్పుడు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. కాయల కాలం అయిపోయి ఫ్యాక్టరీ మూతపడితే అతనికి సెలవులే సెలవులు. ఆ సెలవుల్లో పోదామని బుల్లెట్ కొన్నాడు. కృష్ణగిరిలో బెంగుళూరు స్నేహితులు కలుస్తారట, అక్కడి నుంచి నీలగిరి కొండలెక్కి, కేరళ అంతా చుట్టి కన్యాకుమారి దాకా పోతారట. రుక్మిణమ్మ వద్దనలేదు. వద్దంటే చెప్పకుండా పోతాడని ఆమెకు తెలుసు. కొడుకు క్షేమంగా తిరిగొచ్చేలా చూడు స్వామీ అని మొక్కుకుని, ముందుగానే కొండకు పోయి తన జుట్టు ఇచ్చేసి వచ్చింది. నడుం దాటిన జుట్టు అది. బోడితల మీద కొంగు కప్పుకుని కొండ దిగితే, చక్రధర్ ఆమెను తిరుపతి బైపాస్ రోడ్డులో ఒక అద్దాల షాపుకు తీసుకుపోయాడు. బండికి దారి చూపించే స్క్రీన్ కావాలట.

షాపతను రెండు తీసి గాజుబల్ల మీద పెట్టాడు. ఒకటి పలక అంత, ఒకటి అరచెయ్యంత.

"పెద్దది కార్లకు సార్. బండికి పెట్టుకుంటే బొమ్మ బాగా కనపడతాది గానీ వాన పడిందంటే సచ్చిపోతాది. ఈ సిన్నది నీళ్లలో ముంచినా ఏం కాదు. గ్లౌజు తొడుక్కుని నొక్కినా పలుకుతాది" అన్నాడు.

"కొడైకెనాల్ కూడా ఉండాదా ఇందులో?"

"ఇండియా అంతా ఉండాది సార్. లోపలి దారులు కూడా."

చక్రధర్ తల్లి వైపు తిరిగి, "పెద్ద రోడ్డు మీద పోయేదానికి ఇదెందుకమ్మా. పల్లెల్లో పడి పోవాల, అప్పుడే మజా" అన్నాడు. చిన్నదాని బటను నొక్కాడు. నీలంగా వెలిగి, లోపల తెల్లటి అక్షరాలు పడ్డాయి.

"ఏం రాసుండాది నాయనా?"

"అడుగుతాందమ్మా. యాడికని" అన్నాడు నవ్వుతూ. అనేశాక గాని తనేమన్నాడో తెలియలేదు. నవ్వు ఆగిపోయింది.

రుక్మిణమ్మ ఆ అక్షరాల వైపు చూస్తూ ఉండిపోయింది. చదువు రాకపోయినా అవి తననే చూస్తున్నట్టు అనిపించింది. "తాళం తిప్పినప్పుడల్లా అడుగుతాదా?"

"అడుగుతాది."

"బయల్దేరేటప్పుడు?"

"అప్పుడే కదమ్మా అడగాల్సింది."

"సిద్ధమ్మను తెచ్చి బండి ముందర కట్టుకున్నట్టుండాది" అంది ఆమె. షాపతను అర్థం కాకుండానే నవ్వాడు. ఆమె నవ్వలేదు.

చక్రధర్ అది కొన్నాడు. ఇంటికి వచ్చాక తల్లి ఒకటే మాట అంది: "అది అట్లా అడుగుతా ఉంటే నేను నిన్ను గడప దాటనియ్యను."

ఆ చిక్కు విప్పింది మురుగేష్. నగరిలో మగ్గాల ఇంట్లో పుట్టి, మగ్గం వదిలి చిత్తూరులో బండ్లకు సామాన్లు బిగించే షాపు పెట్టుకున్న మనిషి. మరునాడు సాయంత్రం చక్రధర్ బండి తీసుకుపోతుంటే రుక్మిణమ్మ కూడా వెనక కూర్చుంది. మురుగేష్ స్టూలు వేసి ఆమెను కూర్చోబెట్టి, టీ తెప్పించి, పనిలోకి దిగాడు. ట్యాంకు మీద పెట్టమని చక్రధర్ అంటే ఒప్పుకోలేదు. "తల వంచి సూడాల్సి వస్తాదన్నా, ఆ వంచినప్పుడే అడ్డం ఏదో ఒకటి వస్తాది" అని హ్యాండిలు నడుమ, మీటరు పక్కన క్లాంపు వేశాడు. బుల్లెట్ అదురుకు స్క్రూలు వదులైపోతాయని కింద రబ్బరు పెట్టాడు. బ్యాటరీ నుంచి వైరు లాగి మధ్యలో ఫ్యూజు కలిపాడు. పొగమంచుకు రెండు పసుపు లైట్లు, వెనక రెండు వైపులా సంచులకు కమ్మీలు, స్క్రీనుకు ఎండా వానా పడకుండా చిన్న గొడుగు లాంటి రేకు. అన్నీ అయ్యాక రుక్మిణమ్మ తన బాధ చెప్పుకుంది.

మురుగేష్ ఆశ్చర్యపోలేదు. "మా అవ్వ కూడా అంతేనమ్మా. మేం 'యాడికి' అంటే మూతి మీద కొట్టేది. దీన్ని అడక్కుండా సేసేస్తా, ఉండు" అన్నాడు. "ముందే ఒక ఊరు రాసి పెట్టేస్తే సరి. తాళం తిప్పంగానే ఇంక అడగదు. లాస్టుగా ఏ ఊరు రాసుంటే ఆ ఊరికే పో, పో అంటాది."

చక్రధర్ అక్కడే కృష్ణగిరి అని రాశాడు. స్క్రీను మీద ఊదా రంగు గీత, దాని కింద ఒక అంకె. రుక్మిణమ్మకు అక్షరాలు రావు గాని అంకెలు వచ్చు. బస్సుల నంబర్లు, మామిడి తూకాలు చూసి చూసి నేర్చుకుంది. "నూట చిల్లర ఏంది?" అంది.

"దూరమమ్మా. పోయేకొద్దీ తగ్గతా పోతాది" అన్నాడు చక్రధర్.

అతను వానకోటు కొనడానికి పక్క వీధికి పోయాడు. మబ్బు పట్టి ఉంది. మురుగేష్ బండి ఎక్కి, "లైట్లు ఎట్లుండాయో సూసొస్తా పెద్దమ్మా. గుడియాత్తం రోడ్డులో పాత క్వారీ ఉండాది, ఆ దారిలో బండ్లు తిరగవు. దీన్ని కూడా ఆడిదాకా దారి సూపించమంటా, పని సేస్తాందో లేదో తెలుస్తాది" అన్నాడు. స్క్రీను మీద ఏదో నొక్కి పోయాడు.

చినుకుల్లో తడిసి తిరిగి వచ్చేసరికి అతనికి నవ్వు ఆగలేదు.

"ఏం జోకు పెద్దమ్మా. ఆ రోడ్డు క్వారీలో కలిసిపోయి ఎన్నేండ్లో అయింది. సగానికి నరికి రాయి తీసుకుపోయినారు. నేను గుంట అంచులో నిలబడుంటే, ఇది ఇంకా ముందుకే పో, ముందుకే పో అంటాంది. అవతలి గట్టు దాకా సక్కగా గీత గీసి పెట్టుండాది, నడుమ బోడి గాలి తప్ప ఏం లేదు."

"కంచె లేదా ఆడ?"

"కంచె ఎవరేస్తారు. ఉన్న రాళ్లు కూడా ఎత్తుకుపోయినారు."

"గుంటలో నీళ్లుండాయా?"

"తాటిసెట్టు మునిగిపోతాది."

రుక్మిణమ్మ కొంగు బోడితల మీదికి లాక్కుంది. అంతలో చక్రధర్ వచ్చాడు. మురుగేష్ హెల్మెట్ లోపల చెవి దగ్గర బిగించిన చిన్న స్పీకరు చూపించడంలో పడ్డాడు. "ఫోనొస్తే ఈ చెవిలోనే మోగుతాదన్నా. స్క్రీను మీద దారి పోయి ఫోను బొమ్మ వస్తాది. అప్పుడు తిక్కతిక్కగా పోవద్దు, పక్కన నిలబెట్టి మాట్లాడు" అని చెప్పాడు. తాళం తీసేశాడు. ఆ పెట్టెలో అప్పుడు ఏ ఊరు ఉందో ముగ్గురిలో ఎవరూ చూసుకోలేదు. ఆ తర్వాత తిరిగినవన్నీ తెలిసిన దారులే కాబట్టి దాని వైపు చూసే పని కూడా పడలేదు.

మరునాడు కాణిపాకంలో పూజ చేయించారు. చక్రాల కింద నిమ్మకాయలు నలిగాయి, లైట్లకూ హ్యాండిలుకూ పసుపూ కుంకుమా పూశారు. స్క్రీను మీద పూజారి చందనం పెట్టబోతే చక్రధర్ చెయ్యి అడ్డం పెట్టాడు. ఇంటికి వచ్చాక రుక్మిణమ్మ పసుపులో తడిపి ఆరేసిన గుడ్డ ఒకటి తెచ్చి ఆ దారిపెట్టెకు చుట్టి ముడి వేసింది. దానికి ఆ పేరు పెట్టింది ఆమే.

"ఇంక బయల్దేరేదాకా దీని మొగం తెరవొద్దు. నా మాట విను నాయనా. ఇంట్లో నోరు తెరిసి ఆ మాట అడిగిందంటే నాకు మనసు నిలవదు."

"అడగదని మురుగేష్ సెప్పినాడు కదమ్మా."

"సెప్పినాడు. అయినా."

ఒకసారి తెరిచి కృష్ణగిరి ఉందో లేదో చూసుకుందామని అతనికి ఉండింది. తల్లి బోడితల చూసి ఊరుకున్నాడు. ఈ ఒక్క ముచ్చటైనా తీరనీ అనుకున్నాడు.

బయలుదేరే రోజుకు వాయుగుండం పట్టుకుంది. ముందురోజు సాయంత్రం మొదలైన వాన తెల్లారినా వదల్లేదు. కరెంటు ఎప్పుడో పోయింది. ఆకాశం, మామిడితోపు, వీధి అన్నీ ఒకే బూడిద రంగులో కలిసిపోయి, పొద్దు పొడిచిందో లేదో కూడా తెలియలేదు. రాహుకాలం రాకముందే గడప దాటాలని చక్రధర్ తొందరపడ్డాడు. వానకోటు తొడిగి, సంచులకు ప్లాస్టిక్ కవర్లు కట్టి, హెల్మెట్ పెట్టుకున్నాక ఇంక తల్లి ముఖం కూడా అతనికి సరిగా కనపడలేదు.

రుక్మిణమ్మ కుంకుమ తెచ్చి హెల్మెట్ మీదే బొట్టు పెట్టింది. అది వానకు కారి అద్దం మీదికి ఎర్రగా దిగింది. ఆమె కొంగుతో గబగబా తుడిచేసింది.

పసుపు గుడ్డ ముడి విప్పి, చక్రధర్ తాళం తిప్పాడు. పెట్టె వెలిగింది. రుక్మిణమ్మ ఊపిరి బిగపట్టి చూసింది. అక్షరాలు రాలేదు. అడగలేదు. తిన్నగా ఊదా గీత, చిన్న బాణం. మురుగేష్ మాట నిలబెట్టుకున్నాడు. ఆమె ప్రాణం కుదుటపడింది.

అతను వంగి గ్లౌజులు లాక్కుంటున్నాడు. రేకు గొడుగు కింద, గీతకు దిగువన అంకె ఉంది. ఆమె నిలబడ్డ వైపు నుంచి బాగా కనపడింది. రెండే అంకెలు.

"పోయొస్తానమ్మా."

"పోయిరా నాయనా" అంది. నాలుక మీదికి ఇంకో మాట వచ్చింది. బండి అప్పటికే వాకిలి దాటి వీధిలోకి వంగింది. పోయే మనిషిని వెనక నుంచి పిలవకూడదు. ఆ మాట అడగనే కూడదు. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బండి చప్పుడు వానలో కాసేపు వినిపించి, తర్వాత వానే మిగిలింది.

లోపలికి పోయి పొయ్యి ముందర కూర్చుంది. ఆ అంకె ఇంకేదో అయి ఉంటుంది అనుకుంది. టైము కావచ్చు. పెట్రోలు కావచ్చు. పాలు పొంగి పొయ్యిలో పడ్డాయి, ఆమె చూడలేదు. పోయేకొద్దీ తగ్గతా పోతాది అన్నాడు కొడుకు. వాకిట్లో నిలబడ్డ బండికి ఎట్లా తగ్గింది? నూట చిల్లర ఎక్కడికి పోయింది? లాస్టుగా ఏ ఊరు రాసుంటే ఆ ఊరికే పో, పో అంటాది. ఆ మాటన్నది మురుగేష్. ఆ తర్వాత బండెక్కి, ఏదో నొక్కి పోయింది కూడా మురుగేషే. తడిసి వచ్చాడు. నవ్వాడు.

ఆమె లేచింది. కొడుకు ఇచ్చిన సెల్‌ఫోను గూట్లో ఉంది. నొక్కితే వెలగలేదు. కరెంటు లేక రాత్రే ఛార్జింగు అయిపోయింది. ఆ వీధిలో తీగ ఫోను ఉన్న ఇల్లు ఒక్కటే.

గోడ అవతల సిద్ధమ్మ పంచలో చెంబులు సర్దుతూ కారే చూరు కింద ఒక్కొక్కటే పెడుతోంది. రుక్మిణమ్మ కొంగు కూడా కప్పుకోకుండా బోడితలతో వానలో గోడ పక్కకు వచ్చి నిలబడితే, ఆమె చేతిలో చెంబు అట్లాగే ఉండిపోయింది.

"సిద్ధమ్మా. ఫోను కావాల."

సిద్ధమ్మ ఏమీ అడగలేదు. అడగడమంటే ఊపిరంత ఇష్టమైన మనిషి, ఆ ఒక్కసారి మాత్రం అడగలేదు. తలుపు తీసి, ఫోను మీద కప్పిన గుడ్డ తీసింది. కొడుకు నంబరు రుక్మిణమ్మకు నోటికి వచ్చు. ఆమె చెబుతుంటే సిద్ధమ్మ నొక్కింది. కరకరమని చప్పుడు వచ్చి ఆగిపోయింది.

"సిగ్నలు లేదేమో అక్కా. వాన కదా."

"మల్లీ నొక్కు."

నొక్కింది. ఈసారి మోగింది. మోగుతూ ఉంది. రుక్మిణమ్మ రిసీవరు సిద్ధమ్మ వైపు తోసింది. "నువ్వడుగు. యాడికి పోతాండాడో అడుగు. నీకు అలవాటే కదా."

సిద్ధమ్మ చేతులు వెనక్కి తీసుకుంది. "నేనడగనక్కా. ఒక్కసారి అడిగినందుకు నా మొగం సూళ్లేదు నువ్వు. మల్లా అడిగి ఇంకొకరి ఉసురు నేను మోయలేను." రిసీవరు తిరిగి ఆమె వైపే నెట్టింది. "నీ బిడ్డ. నువ్వే అడుగు."

అవతల మోగడం ఆగింది. వాన చప్పుడు, దాని వెనక బుల్లెట్ చప్పుడు. తర్వాత చక్రధర్ గొంతు, చిరాగ్గా: "ఎవురు?"

రుక్మిణమ్మ రిసీవరు తన చెవి దగ్గరికి తెచ్చుకుంది.

"ఎవురండీ? బొమ్మ పోయింది, దారి కనపడ్డంలే. తొందరగా సెప్పండి."

"నాయనా."

"అమ్మా? ఏమైంది? ఎవురింట్లో ఉండావు?"

"బండి పోతాందా, నిలబెట్టినావా?"

"నిదానంగా పోతాండా. ఏంది సెప్పమ్మా."

రుక్మిణమ్మ కళ్లు మూసుకుంది. గురప్ప లూనా, కళ్లాపి నీళ్లు, నవ్వుతూ తిరిగిన ఆ తల కనపడ్డాయి. ఆ మాట ఇన్నేళ్లలో ఆమె కుక్కను కూడా అడగలేదు.

"యాడికి పోతాండావు?" అంది.

అవతల బుల్లెట్ చప్పుడు ఆగలేదు.

"యాడికి పోతాండావు నాయనా? అడుగుతాండా. బండి నిలబెట్టు. నేను అడిగినా కదా, ఇంక పోగూడదు. నిలబెట్టి కూర్చో."

"అమ్మా, నువ్వు..."

"నిలబెట్టు."

బ్రేకు చప్పుడు వినపడింది. రాళ్ల మీద చక్రం జారిన చప్పుడు వినపడింది, చాలాసేపు జారింది. తర్వాత ఇంజను దడదడా కొట్టుకుని ఆగిపోయింది. రుక్మిణమ్మ రిసీవరు పట్టుకున్న చేతిని సిద్ధమ్మ తన రెండు చేతులతో పట్టుకుంది. ఇద్దరూ ఒక్క చెవితో వింటున్నట్టు తలలు ఆనించి నిలబడ్డారు. వాన తప్ప ఏమీ లేదు. అడుగుల చప్పుడు కొంత. ఆ తర్వాత అదీ లేదు.

"చక్రా."

"నాయనా, చక్రా."

"ఉండా" అన్నాడు ఎంతోసేపటికి. అది అతని గొంతులా లేదు. చిన్నప్పుడు జ్వరంలో పలికిన గొంతు. "ముందర దారి లేదమ్మా. నీళ్లుండాయి. నల్లగుండాయి. ముందర చక్రానికి... చక్రానికి ఇంత దూరం కూడా లేదు."

"వెనక్కి రా. బండి ఆడే వదిలెయ్. నడిసి వెనక్కి రా."

"వస్తా. కాళ్లు రావడంలే. కాసేపు కూర్చుంటా."

"కూర్చో. కూర్చుని రా. నీళ్లు తాగు." అన్నాక గాని ఆ మాట ఎంత పిచ్చిదో ఆమెకు తెలియలేదు.

అప్పుడు ఫోనులో ఇంకో గొంతు వినపడింది. ఎవరో ఆడమనిషి. తొందర లేకుండా, కోపం లేకుండా, బిడ్డకు అన్నం తినిపిస్తున్నంత నెమ్మదిగా ఏదో చెప్పింది. ఆగింది. మళ్లీ అదే చెప్పింది.

సిద్ధమ్మ తలెత్తి రుక్మిణమ్మ ముఖంలోకి చూసింది. "ఎవురక్కా ఆడ, వాని పక్కన?"

రుక్మిణమ్మ రిసీవరు గట్టిగా చెవికి ఆనించుకుంది. "ఎవురు నాయనా మాట్లాడతాండేది?"

"అదేనమ్మా, పెట్టె" అన్నాడు చక్రధర్. "ఇంకా ముందుకే పొమ్మంటాంది."